చిమ్నీ కొనడం తేలికే... బిగించే మనిషిని, కడిగే మనిషిని ఎంచుకోవడమే కష్టం!

గుంటూరు: వంటింట్లో కరెంటు చిమ్నీ ఒకనాడు పట్నం ముచ్చట. ఇప్పుడు తెనాలి, పొన్నూరు, దుగ్గిరాల, చేబ్రోలు చుట్టుపట్ల పల్లెల్లో కూడా కొత్తగా స్లాబు ఇల్లు కట్టుకునే రైతు వంటగట్టుతోపాటు చిమ్నీకీ లెక్క వేసుకుంటున్నాడు. కొనడానికి చిక్కేమీ లేదు. షాపుకు వెళితే వరసగా వేలాడదీసి ఉంటాయి. వాయిదాల మీదా ఇస్తారు. చిక్కంతా పెట్టె ఇంటికి వచ్చాకే మొదలవుతుంది. గోడకు కన్నం ఎవరు కొట్టాలి? గొట్టం ఎవరు తగిలించాలి? ఆరు నెలలు గడిచి జిడ్డు కారడం మొదలైతే ఎవరిని పిలవాలి? పిలిచినవాడు అడిగినంత ఇవ్వాలా? ఈ ప్రశ్నలకు ముందుగా జవాబు చూసుకోని ఇళ్లలో చిమ్నీ దీపం వెలిగే అలంకారంగా మిగిలిపోతుంది. పొగ మాత్రం ఎప్పటిలాగే ఇల్లాలి కళ్లలోకే వస్తుంది.

పెంకుటిల్లు పోయింది, పొగకు దారి పోయింది

పాత పెంకుటింట్లో, తాటాకు ఇంట్లో పొగ పెంకుల సందుల్లోంచి, ఆకుల సందుల్లోంచి, గోడ పైభాగాన ఉన్న గవాక్షంలోంచి ఎలాగో బయటపడేది. స్లాబు ఇంట్లో ఆ దారి లేదు. పైన కాంక్రీటు, పక్కన అల్మారాలు, దోమలకు భయపడి మూసిన కిటికీ. గుంటూరు కారం తినే ఇళ్లలో ఎండుమిరపకాయలు నూనెలో పడ్డాయంటే వీధి గుమ్మం దాకా దగ్గులే.

గ్యాసు పొయ్యి వచ్చాక ఈ బాధ తగ్గిన మాట నిజం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల పథకం వచ్చాక కట్టెపొయ్యి వెనక్కి తగ్గింది. అయినా నీళ్లు కాగడానికి, పెద్ద వంటలకు పెరట్లో పిడకలు, కట్టెలు మండే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఇళ్లలోని వంట పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది అకాలంగా చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. కనుక వంటింటి పొగ సంగతి షోకు సంగతి కాదు. గంటల తరబడి పొయ్యి దగ్గర నిలబడే మనిషి ఊపిరితిత్తుల సంగతి.

పొగలేని పొయ్యి నేర్పిన పాఠం

పొగను గొట్టం ద్వారా బయటికి పంపే ఆలోచన తెలుగువారికి కొత్తది కాదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో ఎస్.పి.రాజు 1950 దశకం తొలినాళ్లలోనే గొట్టం అమర్చిన పొగలేని పొయ్యిని రూపొందించారు. తర్వాత 1980 దశకంలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం చేపట్టి, 2002 దాకా నడిపి, దేశంలో మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టించింది. పెద్దవారికి ఆ సిమెంటు గొట్టాలు గుర్తుండే ఉంటాయి.

వాటిలో చాలా పొయ్యిలు కొద్ది ఏళ్లకే మూలపడ్డాయి. కొన్నిచోట్ల లెక్క ప్రకారం కట్టక గొట్టం సరిగా లాగలేదు. కొన్నిచోట్ల గొట్టంలో మసి పేరుకుపోయినా దాన్ని దులిపేవారు లేకపోయారు. పగుళ్లు వస్తే పూడ్చే మేస్త్రీ మళ్లీ ఊళ్లోకి రాలేదు. పొయ్యి పెట్టడం ఒక పూట పని. దాన్ని బాగు చూసుకోవడం ఏళ్ల పని. నేటి కరెంటు చిమ్నీకీ అదే సూత్రం వర్తిస్తుంది.

ముందు అవసరం చూసుకోవాలి

పనివాడిని వెతికే ముందు అసలు చిమ్నీ కావాలా అని ఇంట్లో మాట్లాడుకోవడం మంచిది. వంటింటికి ఎదురెదురు కిటికీలుండి గాలి ఆడే ఇంటికి గోడ పైభాగాన మంచి ఎగ్జాస్టు ఫ్యాను సరిపోవచ్చు. దాని ఖర్చూ తక్కువ, మరమ్మతు ఊళ్లోనే జరుగుతుంది. కాకపోతే ఫ్యాను గదిలో వ్యాపించిన పొగను లాగుతుంది. చిమ్నీ పొయ్యి మీదే పట్టుకుంటుంది, నూనె జిడ్డును జల్లెడలో ఆపుతుంది.

కట్టెపొయ్యి మీద మాత్రం కరెంటు చిమ్నీ పెట్టరాదు. అది గ్యాసు పొయ్యి, కరెంటు పొయ్యి కోసం చేసినది. కట్టెల మంట వేడికి, నిప్పురవ్వలకు అందులోని జిడ్డు అంటుకునే ప్రమాదముంది. కింద కూర్చుని వండే అలవాటున్న ఇళ్లకూ అది అచ్చిరాదు. పొయ్యికీ చిమ్నీకీ మధ్య దూరం ఎక్కువైతే పొగ పక్కకు పోతుంది తప్ప లోపలికి పోదు.

చిమ్నీలు రెండు రకాలు. ఒకటి పొగను గొట్టం ద్వారా ఇంటి బయటికి పంపుతుంది. రెండోది గొట్టం లేకుండా బొగ్గుపొరలో వాసనను వడగట్టి గాలిని మళ్లీ గదిలోకే వదులుతుంది. రెండో రకంలో వేడి, తేమ గదిలోనే ఉంటాయి. బొగ్గుపొరను ఎప్పటికప్పుడు మార్చుకోవాలి. గోడకు కన్నం పెట్టే వీలున్న పల్లెటూరి ఇంటికి మొదటి రకమే మేలు.

ఇక లాగే శక్తి. పెట్టె మీద గంటకు ఇన్ని ఘనపు మీటర్లని పెద్ద అంకె ఉంటుంది. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న వంటిల్లు 800 ఘనపుటడుగులు, అంటే సుమారు 23 ఘనపు మీటర్లు. ఆ గాలి గంటకు పన్నెండుసార్లు మారాలంటే 275 ఘనపు మీటర్ల చొప్పున లాగితే చాలు. గొట్టం పొడవు, వంపులు, జిడ్డు తోడయ్యాక పెట్టె మీది అంకె తగ్గిపోతుంది కాబట్టి కొంత ఎక్కువే తీసుకోవాలి. వేపుళ్లు ఎక్కువగా చేసే ఇంటికి ఇంకొంత కావాలి. అంతేగాని అన్నిటికంటే పెద్ద అంకె ఉన్నదే గొప్పదని ఎగబడనక్కరలేదు. గొట్టం వంకరగా పెడితే ఎంత పెద్ద అంకె అయినా బూడిదలో పోసిన పన్నీరే.

పని ఒకటి, పనివాళ్లు నలుగురు

చిమ్నీ బిగింపు ఒక్కడి పని అనుకోవడంలోనే సగం తగవులు పుడుతున్నాయి. గోడకు కన్నం మేస్త్రీ పని. ప్లగ్గు, ఎర్తింగు ఎలక్ట్రీషియన్ పని. చిమ్నీని గోడకు తగిలించి గొట్టం కలపడం కంపెనీ మనిషి పని. సామాను అమ్మి వీళ్లను కుదిర్చేది షాపువాడు. కంపెనీ మనిషి వచ్చే రోజుకు కన్నం లేకపోతే, ప్లగ్గు లేకపోతే అతను వెనక్కి పోతాడు. మళ్లీ రావడానికి మళ్లీ చార్జీ.

అందుకని కొనే రోజునే షాపులో నాలుగు మాటలు తేల్చుకోవాలి. బిగింపు ధరలో కలిసిందా, విడిగానా? గొట్టం, బయట మూత, గోడ బిగింపు సామాను పెట్టెలో ఉన్నాయా? కన్నం ఎవరు కొడతారు, దానికెంత? ఊరు దూరమైతే రాకపోకల ఖర్చు ఎవరిది? ఈ నాలుగింటినీ బిల్లు వెనకైనా రాయించుకుని షాపువారి సంతకం తీసుకోవాలి. నోటిమాట మీద వదిలేస్తే బిగింపు రోజున లెక్క మారుతుంది.

కంపెనీ మనిషి చేత బిగించుకుంటే గ్యారంటీకి ఇబ్బంది ఉండదు. బయటివారు విప్పితే గ్యారంటీ చెల్లదని కొన్ని కంపెనీలు కార్డులో రాస్తాయి. ఆ కార్డు ముందే చదివించుకోవాలి. మోటారుకు ఎన్నేళ్లు, మిగతా భాగాలకు ఎన్నేళ్లు అనేది విడివిడిగా ఉంటుంది. మోటారుకు పదేళ్లని పెద్ద అక్షరాలతో రాసి, స్విచ్చులకు, దీపానికి ఏడాదేనని చిన్న అక్షరాలతో రాయడం కద్దు.

గ్యారంటీ గడువు తీరాక ఊళ్లోని ఎలక్ట్రీషియన్ మేలు కావచ్చు. పిలిస్తే పలుకుతాడు, రేపు కూడా ఊళ్లోనే ఉంటాడు. అతన్ని అడగవలసినవి మూడే. చిమ్నీ పని ఇంతకుముందు ఏ ఇంట్లో చేశావు? ఆ ఇంటికెళ్లి చూడవచ్చా? పని తేడా వస్తే ఎన్నాళ్లలో వచ్చి సరిచేస్తావు? మొదటి ప్రశ్నకు తడబడేవాడి చేతికి నిచ్చెన ఇవ్వకపోవడమే మంచిది. చేసిన ఇంటిని చూపించేవాడు ఉంటే పది రూపాయలు ఎక్కువైనా అతన్నే పిలవాలి.

బిగించే రోజున చూడవలసినవి

పొయ్యి పైభాగం నుంచి చిమ్నీ అడుగుకు దూరం ఎంతుండాలో కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది. చాలావాటికి 65 నుంచి 75 సెంటీమీటర్లు, అంటే సుమారు రెండున్నర అడుగుల లోపు. మరీ కిందికి పెడితే తల తగులుతుంది, మంట వేడి తగులుతుంది. పైకి పెడితే పొగ అందదు. టేపు పెట్టి కొలిపించాలి. సరిగ్గా పొయ్యి నడిమికి పైన ఉందో లేదో చూడాలి.

గొట్టం సామాన్యంగా ఆరంగుళాల వ్యాసం ఉంటుంది. చిమ్నీకి ఆరంగుళాల నోరుంటే బయటిదాకా ఆరంగుళాలే ఉండాలి. ఇంట్లో మిగిలిన నాలుగంగుళాల పైపు వాడేద్దామంటే పొగ వెనక్కి తంతుంది, మోటారు మోత పెడుతుంది. గొట్టం వీలైనంత పొట్టిగా, వంపులు తక్కువగా ఉండాలి. ముడుచుకునే గొట్టమైతే సాగదీసి బిగించాలి. కడుపు జారినట్టు వేలాడితే అక్కడే నూనె నిలుస్తుంది. గొట్టం చివర అటక మీదికో, స్లాబు కింది ఖాళీలోకో వదిలేసి పోయే పనివాళ్లూ లేకపోలేదు. అది పొగను ఇంట్లోనే దాచుకోవడం. చివర ఆరుబయటికే రావాలి.

కన్నం కొట్టేచోటు మేస్త్రీకి చూపించి ఒప్పించాలి. దూలానికి, స్తంభానికి, కిటికీ పైనున్న లింటెలుకు కన్నం పెట్టనీయరాదు. ఇనుప చువ్వలు తెగితే ఇంటికే మోసం. కన్నం బయటివైపుకు కాస్త వాలుగా ఉంటే వాననీరు లోపలికి రాదు. బయట మూతకు రెక్క ఉండాలి. లేకపోతే పిచ్చుకలు, ఉడుతలు గూడు కడతాయి. ఆ మూత పొరుగువారి కిటికీకి, బట్టలారేసే తీగకు ఎదురుగా రాకుండా చూసుకోవాలి. ఇంట్లో పొగ పోయి వీధిలో తగవు రాకూడదు గదా!

అన్నిటికన్నా ముఖ్యం కరెంటు. చిమ్నీ ఇనుప రేకుతో చేసినది. తడి చేతులతో, చెప్పులు లేని కాళ్లతో నిలబడి దాని స్విచ్చు నొక్కుతాం. మూడు కాళ్ల ప్లగ్గు ఉంటే సరిపోదు. మూడో కాలికి నిజంగా ఎర్తింగు ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత టెస్టు ల్యాంపుతో చూపించుకోవాలి. చాలా ఇళ్లలో మూడో కన్నం ఉత్త కన్నమే. ఎర్తు గుంట ఎండిపోయినా పనిచేయదు. వేసవిలో దానికి నీళ్లు పోస్తుండాలి. షాకు కొడితే వెంటనే కరెంటు ఆపే ఈఎల్‌సీబీ మెయిను దగ్గర ఉంటే మరీ మంచిది. ప్లగ్గు పొయ్యి మంటకు దూరంగా, చేతికి అందేట్టు ఉండాలి.

పని అయ్యాక డబ్బు ఇచ్చేముందు చిన్న పరీక్ష. చిమ్నీ వేసి ఒక వార్తాపత్రిక కాగితం జల్లెడకు ఆనిస్తే అది అంటుకుని నిలవాలి. అగరువత్తి వెలిగించి పొయ్యి ఎత్తులో పట్టుకుంటే పొగ నేరుగా పైకి పోవాలి. బయటికెళ్లి మూత దగ్గర గాలి వస్తున్నదో లేదో చెయ్యి పెట్టి చూడాలి. ఈ పరీక్ష చేసేటప్పుడు కిటికీ కాస్త తెరిచి ఉంచాలి. బయటికి పోయే గాలికి బదులు లోపలికి గాలి రావాలి గదా! తలుపులన్నీ బిడాయించి చిమ్నీ లాగడంలేదని కేకలేస్తే లాభం లేదు. అదే గదిలో కట్టెపొయ్యి, బొగ్గుల కుంపటి మండుతుంటే వాటి పొగ వెనక్కి వస్తుంది. రెండూ ఒకేసారి వద్దు.

కడగడం: ఇంట్లో ఎంత, బయటివారికి ఎంత

చిమ్నీ కడిగేవారికి డబ్బు పోసే ముందు ఇంట్లో చేసుకోగల పని తెలుసుకోవాలి. వారానికోసారి నూనె గిన్నె తీసి పారబోయాలి. ఆ నూనె వంటకు పనికిరాదు, కాలువలో పోస్తే పైపు పూడుతుంది. పాత కాగితాల్లో పీల్పించి చెత్తలో వేయాలి. పదిహేను రోజులకో, నెలకో ఒకసారి జల్లెడలు విప్పి వేడినీళ్లలో గిన్నెల సబ్బు వేసి అరగంట నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో రుద్ది, పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాలి. ఈ పనికి ముందు స్విచ్చు ఆపడమే కాదు, ప్లగ్గు పీకేయాలి. వండే చెయ్యే కడగాలని రూలేమీ లేదు. నిచ్చెన ఎక్కే పని మగవారు అందుకుంటే ఇంటికి మర్యాదే.

కాస్టిక్ సోడాతో జల్లెడ తళతళలాడుతుందని కొందరు చెబుతారు. స్టీలు తట్టుకుంటుందేమోగాని అల్యూమినియం జల్లెడ నల్లబడి తినేస్తుంది. చర్మం, కళ్లు కాలతాయి. ఇక బ్లీచింగు పొడిని, యాసిడ్‌ను కలపడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. విషవాయువు పుడుతుంది.

తనంతట తాను శుభ్రం చేసుకునే చిమ్నీ అని అమ్మేవాటిలో మీట నొక్కితే లోపలి ఫ్యానుకు పట్టిన నూనె కరిగి గిన్నెలోకి జారుతుంది. అంతవరకే. గొట్టంలోని జిడ్డు, బయటి రేకు మీది జిడ్డు అలాగే ఉంటాయి. కనుక ఇక కడిగే పనే లేదన్న మాట నమ్మరాదు.

మోత పెరిగినా, కాగితం నిలవకపోయినా, నూనె పొయ్యి మీద చుక్కలుగా పడుతున్నా, కాలిన వాసన వచ్చినా పనివాడిని పిలవవలసిందే. మోటారు, ఫ్యాను, గొట్టం విప్పడం ఇంట్లోవారు చేసే పని కాదు. వాడకాన్ని బట్టి ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి ఇది చేయించాలి. గొట్టంలో పేరుకున్న నూనె మంటకు అంటుకుంటే ఇల్లు కాలుతుంది. రోడ్డు పక్క టిఫిను హోటళ్లవారికి ఇది మరీ ముఖ్యం. పొద్దస్తమానం మరిగే నూనె పొగ వారి గొట్టాల్లో పొరలు కడుతుంది.

కడిగే మనిషితో బేరం ఆడేటప్పుడు జల్లెడలు మాత్రమే కడుగుతాడా, ఫ్యాను విప్పుతాడా, గొట్టం తుడుస్తాడా అని విడదీసి అడగాలి. పైపైన తుడిచి మొత్తం చేశానని డబ్బు పట్టుకుపోయే వారున్నారు. ఏదైనా భాగం కాలిపోయింది, మార్చాలి అంటే ముందు ధర చెప్పించి, మార్చాక పాత భాగాన్ని ఇంట్లో ఉంచమనాలి. మరమ్మతుకు మోటారు పట్నం తీసుకెళతానంటే నంబరు రాసుకుని రశీదు తీసుకోకుండా పంపరాదు.

ఫోనులో దొంగలు

ఇటీవలి కాలంలో ఇంకో బెడద వచ్చింది. చిమ్నీ ఆగిపోతే ఫోనులో కంపెనీ నంబరు వెతుకుతారు. అక్కడ మోసగాళ్లు పెట్టిన దొంగ నంబరు కనబడుతుంది. అటు మనిషి మర్యాదగా మాట్లాడి, పేరు నమోదుకు పది రూపాయలు పంపమంటాడు, లింకు నొక్కమంటాడు, ఫోను తెర తనకు కనబడే యాప్ వేసుకోమంటాడు. ఆ తర్వాత బ్యాంకులో పంట డబ్బు మాయం. ఏ కంపెనీ మనిషికీ ఓటీపీ అవసరం లేదు. నంబరు కావాలంటే బిల్లు మీద, గ్యారంటీ కార్డు మీద ఉన్నదే వాడాలి. మోసపోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత తొందరగా చెబితే డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

షాపువారు, కంపెనీవారు మాట తప్పితే 1915 నంబరుకు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి చెప్పుకోవచ్చు. అక్కడా తేలకపోతే గుంటూరులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. 5 లక్షల రూపాయల లోపు విలువకు రుసుము లేదు. వకీలు లేకుండా సొంతంగానూ వాదించుకోవచ్చు. అయితే బిల్లు, కార్డు, రశీదు చేతిలో లేనివాడి మాట అక్కడ నిలవడం కష్టం. వంటింటి డబ్బాలో కాకుండా పట్టాదారు పుస్తకం పక్కన ఆ కాగితాలు పెట్టుకోవాలి.

పనివాడి కష్టమూ కష్టమే

ఇదంతా పనివాళ్లందరూ మోసగాళ్లని కాదు. తెనాలి నుంచి, గుంటూరు నుంచి మోటారు సైకిలు మీద సామాను కట్టుకుని వచ్చే కుర్రాళ్లలో నిజాయితీపరులే ఎక్కువ. వారు వచ్చేసరికి పొయ్యి చల్లారి ఉండాలి, గట్టు మీది సామాను తీసి ఉండాలి. జిడ్డు గట్టు మీద నిలబెట్టక గట్టి బల్లో, నిచ్చెనో ఇవ్వాలి. ఒప్పుకున్న కూలి ఆ పూటే ఇవ్వాలి. మంచి పనివాడికి మళ్లీ పిలుపు వస్తుందనే ఆశ ఉంటే పని శుభ్రంగా చేస్తాడు.

పల్లెలకు ఇంకో ఉపాయం ఉంది. ఒక ఇంటి కోసం పట్నం నుంచి మనిషి రావాలంటే దారి ఖర్చే బరువు. అదే వీధిలో నాలుగైదు ఇళ్లవారు కలిసి ఒకే రోజు పిలిపించుకుంటే అతనికీ గిట్టుబాటు, ఇంటివారికీ చవక. ఒకరి ఇంట్లో పని జరుగుతుంటే మిగతావారు చూసి నేర్చుకుంటారు, మోసానికీ తావుండదు. సంక్రాంతి పిండివంటల ముందు ఒకసారి, శ్రావణమాసం నోముల ముందు ఒకసారి ఇలా ఏర్పాటు చేసుకుంటే ఏడాదికి సరిపోతుంది. ఊళ్లో ఐటీఐ చదివి ఖాళీగా ఉన్న ఎలక్ట్రీషియన్ కుర్రాడు ఆ రోజు పక్కన నిలబడి పని నేర్చుకుంటే, వచ్చే ఏడాదికి పట్నం వైపు చూడనవసరమే ఉండకపోవచ్చు.